మొదటి చలికాలం, వరుస జలుబులు

మన దగ్గర్నుంచి ఈ చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు చలికాలంలో నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "నెలలో ఇది రెండో జలుబు అండీ, నా ఇమ్యూనిటీ పడిపోయిందా?" చాలామంది విషయంలో అలాంటిదేం ఉండదు. తలుపులు, కిటికీలు బిగించిన గదుల్లో పదిమంది మధ్య కూర్చుంటాం. హీటర్ గాలికి ముక్కు లోపలి పొర ఎండిపోతుంది. వైరస్‌కి ఇంకేం కావాలి? పెద్దవాళ్లకి ఏడాదిలో రెండు మూడు జలుబులు మామూలే.

పోయిన చలికాలం ఒక అబ్బాయి సంచి నిండా సీసాలు తెచ్చి మా టేబుల్ మీద పెట్టాడు. ఇమ్యూనిటీ గమ్మీలు, మల్టీవిటమిన్, విడిగా విటమిన్ డి, జింక్ బిళ్లలు. ఇద్దరం లేబుళ్లు చదువుతూ కాగితం మీద లెక్క వేశాం. మూడు సీసాల్లో విటమిన్ డి ఉంది, మొత్తం రోజుకి 6,600 ఐయూ (విటమిన్ డిని కొలిచే యూనిట్). డాక్టర్ చెప్పకుండా 4,000 దాటకూడదు. జింక్ 65 మిల్లీగ్రాములు తేలింది, దాని పరిమితి 40. నెలల తరబడి అలా మింగితే ఒంట్లో రాగి తగ్గిపోయి, రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలే తగ్గుతాయి. ఆ కాగితం చూసి పిల్లాడి మొహం పాలిపోయింది.

అలాగని విటమిన్ డిని తేలిగ్గా తీసుకోకండి. చలిదేశాల్లో శీతాకాలపు ఎండకి చర్మంలో అది దాదాపు తయారు కాదు. మన రంగు చర్మానికి మామూలుగానే ఎక్కువసేపు ఎండ కావాలి. కిటికీ పక్కన కూర్చున్నా లాభం లేదు, అందుకు కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ చెప్పిన మోతాదు వేసుకోండి. రిపోర్టులో యూనిట్లు చూడండి. ఒక దేశంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాములని రాసేదే ఇంకో దేశంలో లీటరుకి 50 నానోమోల్స్ అవుతుంది. ఆ తేడా తెలియక టెన్షన్ పడినవాళ్లున్నారు. శాకాహారులైతే బి12 కూడా చూపించుకోండి.

తిండి విషయంలో నేను చెప్పేది తక్కువే. రోజూ పళ్లు, కూరగాయలు, పప్పుధాన్యాలో గుడ్లో చేపలో ఉండాలి. రోగాలతో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు కూడా ప్రోటీన్లే కదా. విటమిన్ సి రోజుకి 90 మిల్లీగ్రాముల లోపే సరిపోతుంది, ఒక పెద్ద నారింజలోనే చాలావరకు వచ్చేస్తుంది.

నేను గట్టిగా చెప్పేది నిద్ర గురించి. టైమ్ తేడా వల్ల అర్ధరాత్రి దాకా ఇంటివాళ్లతో ఫోన్లు, పొద్దున్నే ఆఫీసు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే గడిపాను. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు పైగా పడుకున్నవాళ్లకన్నా, ఆరు గంటలలోపే పడుకున్నవాళ్లకి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. ఫోన్లు సెలవురోజు పొద్దుటికి మార్చుకోండి, అమ్మ అర్థం చేసుకుంటుంది.

ఫ్లూ టీకా చలి ముదరకముందే వేయించుకోండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. సూట్‌కేసులో తెచ్చుకున్న యాంటీబయాటిక్స్ జలుబుకి మింగకండి, అవి వైరస్ మీద పనిచేయవు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇన్సూరెన్స్ అర్థం కాలేదని మాత్రం గదిలో ఒంటరిగా పడుకోకండి. పక్కవాళ్లనైనా, మాలాంటి పాతవాళ్లనైనా పిలవండి, మొహమాటం వద్దు.