ఇల్లు కొన్న తొలి వానాకాలం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము నిరుడు వేసవిలో నెల్లూరులో 20 అంకణాల స్థలంలో ఉన్న పాత డాబా ఇల్లు కొన్నాము. చూడడానికి వెళ్లినప్పుడు గోడలకు, పైకప్పుకు కొత్తగా లప్పం పెట్టి రంగులు వేసి ఉన్నాయి. కార్తీకంలో పట్టిన ముసురుకు పడకగది శ్లాబు అంతా చెమ్మ దిగి, ఒక మూల పెచ్చు ఊడి చువ్వలు బయటపడ్డాయి. ఆ గదిలో స్విచ్చి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. హాలు గోడలకు కింది భాగంలో ఉప్పు పొంగుతోంది. చేతిలో ఉన్న డబ్బంతా రిజిస్ట్రేషన్‌కే అయిపోయింది. ఊడినచోట సిమెంటు పూసి రంగు వేసుకుంటే చాలునని మేస్త్రి అంటున్నారు. ఏ పని ముందు చేయించాలి? అమ్మినవారిని నష్టపరిహారం అడగవచ్చా?
— ఒక గృహిణి, నెల్లూరు

సమాధానం: మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన స్విచ్చి సంగతే అన్నిటికన్నా ముందు చూడవలసినది. వైర్ల కోసం శ్లాబులో వేసిన గొట్టాల గుండా వాననీరు దిగి స్విచ్చి బోర్డుల్లోకి చేరడం పాత డాబాల్లో తరచుగా జరిగేదే. ఆ గదికి వెళ్లే లైనును మెయిన్ దగ్గర ఆపివేసి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌చేత వైరింగును, ఎర్తింగును పరీక్ష చేయించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీటరు బోర్డులో లేకపోతే పెట్టించండి. ఎన్ని ఖర్చులు ఉన్నా దీనిని మాత్రం వాయిదా వేయవద్దు.

ఇక శ్లాబు. మీ మేస్త్రి చెప్పిన వైద్యాన్ని నేను ఒప్పుకోలేను. చువ్వకు పట్టిన తుప్పు అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, అది లోపలినుంచి నెట్టడంవల్లనే కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడుతుంది. తుప్పును అలాగే ఉంచి పైన సిమెంటు పూస్తే మరో రెండు వానాకాలాలకు ఆ పూత కూడా ఊడుతుంది, ఈసారి మరింత బరువుతో. తీరానికి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ఉప్పుబోరు నీటితో కాంక్రీటు కలిపిన ఇళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. చువ్వలు వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతున్నా, మేస్త్రులు నీటిని రుచి చూసి సరేనన్న రోజుల్లో కట్టిన ఇళ్లే మన వీధుల్లో చాలా ఉన్నాయి.

ముందు నష్టం ఎంతవరకు పాకిందో తెలియాలి. చిన్న సుత్తితో శ్లాబు అడుగును జానెడు జానెడు దూరంలో మెల్లగా తట్టించండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా పలికిన మేర అంతా సుద్దముక్కతో గీయించి, ఫొటోలు తీసి ఉంచండి. ఆ గీత పెచ్చు ఊడిన మూల దాటి గది మధ్యకు పోయినా, దూలం మీదికి పాకినా మేస్త్రితో ఆగక స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి, ఆయన చెప్పేదాకా ఆ గదిలో పడుకోవడం మానండి. మరమ్మతు పద్ధతి ఇది: శ్లాబు కింద జాకీలు నిలబెట్టి, వదులైన కాంక్రీటును చువ్వ వెనుకదాకా చెక్కి, ఇనుప బ్రష్షుతో తుప్పు పూర్తిగా రుద్ది, తుప్పును ఆపే పూత వేసి, బాగా సన్నబడిన చువ్వల పక్కన కొత్తవి జతచేసి, ఆ తర్వాతే పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. ఈ పనిని గుత్తకు కాక దగ్గర నిలబడి చూస్తూ చేయించుకోవడమే మంచిది, ఎందుకంటే చెక్కడమూ రుద్దడమూ సగంలో ఆపేస్తే పైన పూసిన తర్వాత ఎవరికీ తెలియదు.

అయితే ఇదంతా పైనుంచి నీరు దిగడం ఆగితేనే నిలుస్తుంది. మిద్దె మీద పిట్టగోడ అడుగు, నీళ్ల ట్యాంకు దిమ్మెలు, వాననీటి గొట్టాల మూతులు, ఈ మూడుచోట్లే తొంభైపాళ్లు తప్పు దొరుకుతుందని నా అనుభవం. మిద్దె మీద నీళ్లు నిలబెట్టి చూడమని కొందరు చెబుతారు, కానీ చువ్వలు బయటపడిన గది మీద ఆ బరువు పెట్టవద్దు. అనుమానం ఉన్నచోట కాస్త కాస్త పోసి చూస్తే చాలు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తడి ఆరని శ్లాబు మీద వేసిన వాటర్‌ప్రూఫింగు పట్టుకోదు కనుక, వానలు ఉన్నంతకాలం టార్పాలిన్‌తో సరిపెట్టుకుని, బాగా ఎండలు కాసే నెలల్లో అసలు పని పెట్టుకోండి. గోడల ఉప్పు నేల చెమ్మతో వచ్చేది. దానికి ఈ ఏడు గీకి ఆరనివ్వడం, గోడ వారన నీరు నిలవకుండా వాలు చేయించడం చాలు, లప్పం మాత్రం పెట్టించవద్దు. రంగులు, టైల్సు అన్నిటికన్నా చివర. ఇంటిమీద బ్యాంకు అప్పు ఇదివరకే ఉంటే, బయట వడ్డీకి తెచ్చేకంటే అదే బ్యాంకులో టాపప్, అంటే ఉన్న అప్పు మీదే మరికొంత అప్పు, అడగండి.

అమ్మినవారి విషయం. తనకు తెలిసీ, కొనేవారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు ముందే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. అమ్మకానికి ముందు వేయించిన కొత్త రంగు అనుమానానికి తావిచ్చేదే కాని, వారికి తెలుసునని అది ఒక్కటే రుజువు కాదు. అంతకుముందు అక్కడ అద్దెకున్నవారో, పెచ్చులు పూసిన మేస్త్రో మాట చెబితే మీ పక్షం బలపడుతుంది. చెక్కుడు మొదలుపెట్టక ముందే ఇంజనీరుచేత ఫొటోలతో కూడిన నివేదిక రాయించుకుని, దాని నకలుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, ఖర్చులో కొంత భరించమని అడగండి. కోర్టు సంగతి న్యాయవాదితో మాట్లాడి తేల్చుకోవచ్చు, కానీ ఆ తీర్పు కోసం శ్లాబు పనిని ఆపవద్దు.

ప్రశ్న: ఒంగోలులో కొత్త అపార్ట్‌మెంటులో ఫ్లాటు తీసుకుని రెండేళ్లయింది. బాత్‌రూము గోడ అవతల పడకగదిలో చెమ్మ వస్తోంది. తాళాలు ఇచ్చాక తమకు బాధ్యత లేదని బిల్డరు అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: బాధ్యత ఉంది. ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం, ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం కనబడి మీరు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించని స్థలంలో కట్టినవాటికీ, 8 ఫ్లాట్లు మించనివాటికీ రెరా నమోదు తప్పనిసరి కాదు. మీది అలాంటిదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి కనుక చెమ్మ మొదట కనబడిన తేదీని రాసి ఉంచుకోండి. ఫిర్యాదుకు ముందు ఒక పరీక్ష చేయండి: ఆ బాత్‌రూమును నాలుగైదు రోజులు వాడకుండా వదిలేస్తే చెమ్మ తగ్గుముఖం పట్టిందంటే తప్పు నేల వాలులోనో, నీరు పోయే జాలీ దగ్గరి అతుకులోనో ఉన్నట్లు, తగ్గకపోతే గోడలోని నీటి గొట్టం కారుతున్నట్లు. ఆ సంగతిని తేదీలతో సహా రాసి, బిల్డరుకు ఫోనులో కాకుండా ఉత్తరంగానే పంపండి.