ఎలుక ‘గడ్డకట్టింది’ అనవచ్చా?

సందేహం: మా తమ్ముడి కూతురు నెల్లూరులో ఎం.ఫార్మసీ చదువుతోంది. మెదడు మీద పనిచేసే మందుల పరిశోధనలో ఎలుకల ప్రవర్తనను ఎలా కొలుస్తారో తెలుగులో ఒక వ్యాసం రాసి, దిద్దమని నాకు పంపింది. కొంత తనే రాసింది, కొంత ఫోనులో అనువాదం చేయించినట్టుంది. ‘మోత వినగానే ఎలుక ముప్పై సెకన్లు గడ్డకట్టింది’, ‘ఎలుకల్లో ఆందోళన పెరిగింది’, ‘ఎలుక నీటిలో ఉంచబడింది’ వంటి వాక్యాలున్నాయి. అసలు ప్రవర్తనను ‘కొలవడం’ అనడమే నాకు ఎబ్బెట్టుగా ఉంది. నడవడికను ఎవరైనా కొలుస్తారా? చివర్లో చిట్టెలుక కదలికల్లో ‘అక్షరాలు’ ఉంటాయని రాసింది. అదేమిటో బోధపడలేదు. ఎలా దిద్దమంటారు? – ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: ముందు ఆ గడ్డకట్టిన ఎలుకను కరిగిద్దాం. తెలుగులో నీళ్లు గడ్డకడతాయి, నెయ్యి పేరుకుంటుంది, పెరుగు తోడుకుంటుంది. ప్రాణమున్నది జడుసుకుని కదలకుండా నిలబడిపోతే మాత్రం గడ్డకట్టదు. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఫ్రీజ్’ అని ఒకటే క్రియ. ఫోను అందులో మంచుకు సంబంధించిన అర్థాన్ని పట్టుకుంది.

జరిగేది ఇదీ. అడుగున లోహపు చువ్వలున్న పెట్టెలో ఎలుకను వదిలి ఒక మోత వినిపిస్తారు. మోత ఆగే వేళకు కాళ్ల కింద చిన్నపాటి కరెంటు షాకు తగులుతుంది. అలా కొన్నిసార్లు చేశాక, మర్నాడు వేరే పెట్టెలో పెట్టి మోత ఒక్కటే వినిపిస్తారు. షాకు ఉండదు. అయినా ఎలుక ఉన్నచోటే ఆగిపోతుంది. ఊపిరికి పక్కలు ఎగసిపడడం తప్ప మీసం కూడా అల్లాడదు. అలా ఎన్ని సెకన్లు ఉందో కూడి రాసుకుంటారు. భయం తాలూకు జ్ఞాపకం మెదడులో ఎక్కడ, ఎలా నిలుస్తుందో తెలుసుకోవడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది.

ఈ స్థితికి మన దగ్గర మాటలకు కరువు లేదు. కొయ్యబారడం ఉంది, మ్రాన్పడడం ఉంది (మ్రాను అంటే చెట్టు). ‘బిగుసుకుపోయింది’ అనవచ్చు గానీ, ఎలుక విషయంలో ఆ మాట వినగానే ఇంట్లో మందు పెట్టినవాళ్లకు వేరే సంగతి తోస్తుంది. వ్యాసంలో ‘కొయ్యబారిపోయింది’ అని రాయించండి. అంకెలు ఇచ్చే చోట, పట్టికల్లో మాత్రం ‘కదలకుండా ఉన్న సమయం’ అనే చప్పిడి మాటే మేలు.

చప్పిడి మాట ఎందుకంటారా? మన అలంకారశాస్త్రం చదివినవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో మొదటిది స్తంభం. ఒళ్లు కదలకుండా నిలిచిపోవడం. అది భయం వల్లా కలుగుతుంది, విస్మయం వల్లా కలుగుతుంది, హర్షంతోనూ విషాదంతోనూ కూడా కలుగుతుంది. పైకి కనిపించేది ఒకటే, లోపలి భావం ఏదైనా కావచ్చు. ఏ భావమో సందర్భాన్ని బట్టి సామాజికుడు (నాటకం చూసేవాడు) ఊహించుకోవాలి. తిక్కనను మన నెల్లూరువాళ్లం ఊరికే నెత్తిన పెట్టుకోలేదు. పాత్ర ఎలా చూసిందో, ఎలా నిలబడిందో చెప్పి, మనసులో ఏముందో చదువరికి వదిలేస్తాడు. ఎలుకల మీద రాసేవాళ్లకూ ఆ నిగ్రహం కావాలి. ‘కదలకుండా నిలబడింది’ అనేది చూసిన సంగతి. ‘భయపడింది’ అనేది ఊహించిన సంగతి. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే తెలుగు చెడకపోవచ్చు గానీ శాస్త్రం చెడుతుంది.

ఇది ఊరికే పండితుల పట్టింపు కాదు. 1977లో పోర్సోల్ట్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఒక ఈత పరీక్ష ప్రవేశపెట్టాడు. పైకి ఎక్కి రాలేని గాజు జాడీలో నీళ్లు పోసి ఎలుకను వదులుతారు. మొదట గిలగిల కొట్టుకుంటుంది, ఈదుతుంది, గోడలు ఎక్కబోతుంది. కాసేపటికి మునిగిపోకుండా ఉండడానికి కావలసినంత మాత్రం కాళ్లాడిస్తూ తేలుతుంది. మనుషులకు దిగులు తగ్గించే మందులు ఇస్తే ఈ తేలే సమయం తగ్గింది. అందుకని కొత్త మందుల్ని వడకట్టడానికి ఆ పరీక్ష లోకమంతా పాకింది. చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. ఆ తేలడానికి ‘నిరాశ’ అని పేరు పెట్టారు. బయటికి దారి లేదని తెలుసుకుని ఎలుక ఒంట్లో సత్తువ దాచుకుంటోందేమో, అది ఆశ వదులుకోవడం కాదు, నేర్చుకోవడం అని తర్వాత చాలామంది శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. ఇప్పటికీ ఆక్షేపిస్తూనే ఉన్నారు. మీ అమ్మాయి వ్యాసంలో ఈ పరీక్ష ఉంటే ‘ఎలుక నిరాశ చెందింది’ అన్న వాక్యాన్ని కొట్టేసి ‘ఈదడం మాని తేలుతూ ఉండిపోయింది’ అని రాయించండి. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఈ పరీక్ష గురించి చదివినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది, కానీ అది వేరే చర్చ.

ఇక ‘కొలవడం’. మీ ఎబ్బెట్టుకు కారణం ‘ప్రవర్తన’లో ఉందనుకుంటాను. వాడుకలో ఆ మాటకు మంచిచెడుల వాసన అంటుకుంది. సత్ప్రవర్తన కింద ఖైదీని విడుదల చేశారంటాం, ప్రవర్తన బాగాలేదని పిల్లవాణ్ని బడి నుంచి పంపించారంటాం. ఎలుకకు మంచి ప్రవర్తన, చెడ్డ ప్రవర్తన ఏముంటాయి? అయితే మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఆ మాటకున్న రెండో జీవితం మీకు తెలియనిది కాదు. బి.ఎడ్., డీఎస్సీ పుస్తకాల్లో పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, మీట నొక్కి తిండి సంపాదించుకునే స్కిన్నర్ ఎలుక అన్నీ ‘ప్రవర్తన’ కిందే వస్తాయి. అభ్యసనం అంటేనే ప్రవర్తనలో వచ్చే మార్పు అని కంఠస్థం చేయించారు. అక్కడ అది ప్రాణి చేసే ఏ పనికైనా వర్తించే పారిభాషిక పదం. అది స్థిరపడిపోయింది. మార్చనక్కర్లేదు.

క్రియ సంగతి వేరు. మన జిల్లాలో ధాన్యం ధర ఇప్పటికీ పుట్టికింత అనే చెబుతారు. పుట్టి ఒకప్పుడు కుంచాలతో, తూములతో కొలిచిన లెక్క. ఇప్పుడు కాటా మీద 850 కిలోలు తూచి దాన్నే పుట్టి అంటున్నారు. పేరు పాతదే, కానీ కళ్లం దగ్గర ఏ రైతునడిగినా ‘తూచారు’ అంటాడు. ‘కొలిచారు’ అనడు. తెలుగులో సాధనాన్ని బట్టి క్రియ మారుతుంది. కొలిచేది వేరు, తూచేది వేరు, లెక్కపెట్టేది వేరు.

ప్రయోగశాలలోనూ అంతే. 1934లో కాల్విన్ హాల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎలుకను గుండ్రటి ఖాళీ బయలులో వదిలి, అది వేసిన పెంటికల్ని లెక్కపెట్టాడు. బెదిరిన ఎలుక ఎక్కువ పెంటికలు వేస్తుందని అతని ఆలోచన. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆరుబయలు పరీక్ష అని మనం చెప్పుకోదగినది అక్కడ మొదలై ఈనాటికీ నడుస్తోంది. ఇప్పుడు పైన కెమెరా పెట్టి, అది ఎంత దూరం తిరిగిందో కొలుస్తారు, నడిమధ్యకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు, గోడవారగా ఎంతసేపు గడిపిందో చూస్తారు. మన ఫార్మసీ కాలేజీల్లో యాక్టోఫోటోమీటర్ అనే పెట్టె ఉంటుంది. అందులో కాంతి కిరణాలు అడ్డంగా పోతుంటాయి. ఎలుక అడ్డొచ్చిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. అది నడిచి అడ్డొచ్చిందా, ఒళ్లు గోక్కుంటూ అడ్డొచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. కాబట్టి శీర్షికలో ‘ప్రవర్తనను కొలవడం’ ఉండనివ్వండి, తప్పు లేదు. లోపల మాత్రం ఏ పరీక్షకు ఆ క్రియ వాడించండి: ‘అంకె చూశారు’, ‘లెక్కపెట్టారు’, ‘దూరం కొలిచారు’. ‘మాపనం చేశారు’ అని ఉంటే నిర్దాక్షిణ్యంగా తీసేయండి. అది పరీక్ష పేపర్లలో తప్ప ఎక్కడా బతకని మాట.

‘ఎలుకల్లో ఆందోళన పెరిగింది’ చదివినప్పుడు నాకు ఒంగోలు కలెక్టరేటు ముందు ఎలుకలు టెంటు వేసుకుని కూర్చున్నట్టు అనిపించింది. పత్రికలవాళ్లు ఆ మాటను ధర్నాలకు రాసిచ్చేశారు. మనుషుల జబ్బుగా వైద్యులు వాడుతున్న ‘ఆందోళన’తో నాకు పేచీ లేదు. జంతువు విషయంలో ‘బెదురు’ అనే చక్కటి మాట ఉండగా దీన్ని మోసుకురావడం ఎందుకు? బెదురుగొడ్డు అంటే ఎలా ఉంటుందో ఒంగోలు గిత్తల్ని సాకేవాళ్లకు వివరించనక్కర్లేదు. ఆ మాటలో లోపలి జంకూ ఉంది, బయటి ఉలికిపాటూ ఉంది.

ఈ బెదురును చూసే పరీక్షల్లో బాగా వ్యాపించినది కూడిక గుర్తు ఆకారంలో, నేలకు సుమారు అర మీటరు ఎత్తున కట్టిన నాలుగు దారుల కూడలి. నెల్లూరువాళ్లకైతే ‘సెంటర్’ అంటే చాలు. ఎదురెదురుగా ఉన్న రెండు దారులకు గోడలుంటాయి, మిగతా రెండూ బోసిగా ఉంటాయి. ఎలుకను నడిమధ్యన వదిలి ఐదు నిమిషాలు చూస్తారు. మామూలుగా అది గోడల చాటునే ఎక్కువసేపు ఉంటుంది. డయాజిపామ్ లాంటి, బెదురు తగ్గించే మందు ఇస్తే బోసి దారుల్లోకి వెళ్లడం పెరుగుతుంది. ఈ దారుల్ని ఫోను ‘చేతులు’ అని తర్జుమా చేసే ఉంటుంది, చూడండి. ‘ఎలుక తెరిచిన చేతుల్లోకి వెళ్లింది’ అని గనక ఉంటే ఆ వాక్యాన్ని దిద్దే ముందు ఒకసారి మనసారా నవ్వుకోండి.

‘ఎలుక నీటిలో ఉంచబడింది’ అన్నదానికి వస్తాను. ఈ ‘బడు’ ప్రయోగం మీద నా కోపం పాతది. తెలుగులో కర్త ఎవరో చెప్పనక్కర్లేనప్పుడు కూడా ‘వదిలారు’, ‘పెట్టారు’ అంటే సరిపోతుంది. శాస్త్ర రచనలో చేసినవాడు కనబడకూడదు, అదే నిష్పాక్షికత అని పిల్లలకు ఎవరో నూరిపోశారు. ఎలుకల విషయంలో అది నిలబడదు. 2014లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. గదిలో మగమనిషి ఉన్నా, మగవాడు తొడిగి విడిచిన టీషర్టు ఉన్నా ఎలుకలకూ చిట్టెలుకలకూ ఒత్తిడి పెరిగింది, నొప్పికి స్పందించడం తగ్గింది. ఆడవాళ్లు ఉన్నప్పుడు అలా కాలేదు. అంతకు చాలా ముందు, 1963లో, రోసెంతాల్, ఫోడ్ అనే ఇద్దరు మామూలు ఎలుకల్నే విద్యార్థులకు పంచి, కొందరికి ‘ఇవి తెలివైనవి’ అనీ కొందరికి ‘ఇవి మొద్దువి’ అనీ చెప్పారు. తెలివైనవన్న ఎలుకలే చిక్కుదారిలో మెరుగ్గా చేసినట్టు లెక్కలొచ్చాయి. అంటే ఎవరు వదిలారు, ఎవరు చూశారు, వాళ్లకు ముందు ఏం చెప్పారు అన్నది ఫలితంలో భాగమే. కర్తను మింగేసే వాక్యం ఆ భాగాన్నీ మింగేస్తుంది. మీ అమ్మాయి తన చేత్తో తానే వదిలి ఉంటే ‘వదిలాను’ అనే రాయమనండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చివరి ‘అక్షరాలు’ నాకు ముచ్చటేసింది. అది ఫోను చేసిన పొరపాటు కాదు, సరైన మాటే. 2015లో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఒక బృందం చిట్టెలుకను లోతు పసిగట్టే కెమెరాతో చిత్రీకరించి, కదలికల్ని విడదీసే పనిని కంప్యూటరుకు అప్పగించింది. ఎడతెగకుండా సాగినట్టు కనిపించే ఆ తిరుగుడు చిన్న చిన్న తునకలుగా విడిపోయింది: తల తిప్పడం, ముందరి కాళ్లెత్తి నిలవడం, చప్పున ఆగడం. ఒక్కొక్కటి సెకనులో కొన్ని వంతులు మాత్రమే. ఏ తునక తర్వాత ఏది వస్తుందన్నదానికి ఒక పద్ధతి కూడా కనిపించింది. వాళ్లు ఆ తునకల్ని ఉచ్చారణలోని అక్షరాలతో పోల్చి ఆ పేరే పెట్టారు, వరసను వ్యాకరణమన్నారు.

మనకు ఇక్కడ చిన్న ఇబ్బంది ఉంది. అక్షరం అనగానే పలకమీది ‘అ, ఆ’లు కళ్లముందుకొస్తాయి. ఛందస్సులోని అక్షరం అది కాదు కదా, గురువో లఘువో అయ్యే ఉచ్చారణ ఖండం. లఘువుకు ఒక మాత్ర కాలం, మాత్ర అంటే రెప్పపాటు అని మన లాక్షణికులు చెప్పారు. చిట్టెలుక కదలిక తునక నిడివి కూడా దాదాపు రెప్పపాటే కావడం నాకు భలే నచ్చింది. కాబట్టి మాట మార్చకుండా, ‘పలుకులో అక్షరాల లాంటి కదలిక ఖండాలు’ అని మొదటిసారి విప్పి చెప్పి, తర్వాత ‘కదలికల అక్షరాలు’ అని వాడుకోమనండి. ఫార్మసీ విద్యార్థిని కాబట్టి మాత్ర జోలికి మాత్రం పోవద్దనండి, చదివేవాళ్లు మింగే మాత్ర అనుకుంటారు.

మీరు అడగకపోయినా ఇంకొక్కటి. వ్యాసమంతా ‘ఎలుకలు’ అనే ఉంటే, ఏవి ఎలుకలో ఏవి చిట్టెలుకలో అమ్మాయిని అడిగి విడివిడిగా రాయించండి. పాతిక ముప్పై గ్రాముల చిట్టెలుకా, పావుకిలో తూగే ఎలుకా ఒకటి కావు. నీళ్ల తొట్టిలో దాగిన దిమ్మెను వెతికించే పరీక్షను 1981లో రిచర్డ్ మోరిస్ ఎలుకల కోసం రూపొందించాడు. చిట్టెలుకలు అందులో ఎలుకలంత బాగా చేయలేవు. రెండింటినీ కలిపి చెప్పాల్సిన చోట పాఠ్యపుస్తకాల ‘కృంతకాలు’ ఒకటి రెండుసార్లు వాడినా ఇబ్బంది లేదు. మూషికాన్ని మాత్రం వినాయకుడికి వదిలేయమనండి.