బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ ధ్రువపత్రం ఏమవుతుంది?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నా వయసు 26. బీఈడీ పూర్తి చేసి డీఎస్సీకి చదువుతున్నాను. నా కుల ధ్రువపత్రంలో హిందూ–మాదిగ అని ఉంది. కాలేజీ రోజుల్లో ప్రార్థన కూటాలకు వెళుతూ యేసుక్రీస్తును నమ్ముకున్నాను. ఆరేళ్లయింది, బాప్తిస్మం మాత్రం ఇంకా తీసుకోలేదు. ఇక దాచుకోవడం నా వల్ల కావడం లేదు. మా నాన్న వద్దనడం లేదు. ‘తీసుకుంటే తీసుకో, ఎవరికీ చెప్పకు, ఉద్యోగం వచ్చాక చూద్దాం’ అంటున్నారు. మా బాబాయి మాత్రం మతం మారితే ఆస్తిలో వాటా రాదని బెదిరిస్తున్నారు. పత్రం పోతుందన్న భయం ఒకవైపు, నమ్మినదాన్ని నలుగురిలో చెప్పుకోలేకపోతున్నానన్న బాధ మరోవైపు. చట్టం నాకు తోడుంటుందా?

జవాబు: అమ్మా, చట్టం మీకు కొంత దూరం తోడు వస్తుంది, ఆ తర్వాత రాదు. ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకున్నాకే అడుగు వేయండి.

ముందుగా మీ బాబాయి సంగతి తేల్చేద్దాం. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మతం మారినంత మాత్రాన కూతురు తండ్రి ఆస్తికి వారసురాలు కాకుండా పోదు. ఆ చట్టంలోని 26వ సెక్షన్ అడ్డుపడేది మతం మారిన తర్వాత పుట్టిన పిల్లలకు. ఆస్తిపరుడు చనిపోయి వారసత్వం తెరుచుకునే నాటికి వాళ్లు హిందువులు కాకపోతే హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరు. మీ వాటాకు ఆ సెక్షనుతో సంబంధం లేదు. మీ నాన్నగారు స్వార్జితాన్ని వీలునామా రాసి వేరొకరికి ఇస్తే అది వేరే విషయం, అందుకు మతం మార్పుతో పనే లేదు.

ఇక నమ్మకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛనూ, నచ్చిన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కునూ ఇస్తోంది. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో మతం మారాలంటే ముందుగా జిల్లా అధికారికి తెలియజేయాలని చట్టాలు చేశారు. మన రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు. బాప్తిస్మానికి మీరు కలెక్టరునూ అడగనక్కర్లేదు, ఊరి పెద్దలనూ అడగనక్కర్లేదు.

చిక్కంతా ధ్రువపత్రం దగ్గరే. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులానికి చెందినట్టు పరిగణించరాదు అని దాని సారం. మొదట హిందూ మతం ఒక్కటే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు.

ఇక్కడ ‘అవలంబించడం’ అంటే ఏమిటన్నదే అసలు ప్రశ్న. 1960లలో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు దీనికి అర్థం చెప్పింది. మనసులో నమ్మడం వేరు, ఆ నమ్మకాన్ని నలుగురికీ తెలిసేలా ప్రకటించుకోవడం వేరు, ఉత్తర్వు అడుగుతున్నది రెండోదాన్ని అని. మీ సంఘంలో పాస్టరుగారు ‘మనుషుల ఎదుట ఒప్పుకోవడం’ అనే మాట వాడుతుంటారు కదా, కోర్టు చెప్పినదీ ఇంచుమించు అదే. విశ్వాసికి ఏది ధైర్యమో, ఈ ఉత్తర్వు ఆ ధైర్యం చూపిన క్షణాన్నే పట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా ఈ కేసులు చూస్తున్నా ఆ మాట చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి ప్రార్థన కూటానికి వెళ్లారన్న ఒక్క కారణంతో మీ పత్రం చెల్లదని ఎవరూ అనలేరు. బాప్తిస్మం మాత్రం బహిరంగ ప్రకటన. సంఘం రిజిస్టరులో మీ పేరు, తేదీ, సాక్షుల సంతకాలు ఉంటాయి. ఆ తర్వాత ఎస్సీ పత్రం వాడటం చట్టం దృష్టిలో తప్పుడు క్లెయిము. 1993 నాటి మన రాష్ట్ర కుల ధ్రువపత్రాల చట్టం కింద కలెక్టరు విచారణ జరిపి పత్రాన్ని రద్దు చేయవచ్చు, జైలు శిక్షకూ వీలుంది. తప్పుడు కుల పత్రంతో వచ్చిన ఉద్యోగం ఎన్నేళ్లు చేసినా నిలబడదని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీ నాన్నగారు చెప్పిన దారిలో నడిచిన ఒక నర్సమ్మ కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చింది. పదోన్నతి దగ్గరపడ్డప్పుడు ఎవరో ఫిర్యాదు పెట్టారు. విచారణ రోజు ఫైలులో బాప్తిస్మం రిజిస్టరు పేజీ జిరాక్సు ఉంది. నీలి సిరాతో రాసిన ఆమె పేరు జిరాక్సులో బూడిద రంగుగా కనబడుతోంది. అధికారి మర్యాదగానే అడిగారు: ‘అమ్మా, మీరు క్రైస్తవులా?’ ఆమె నా వైపు చూసింది. నేను జవాబు అందించలేను కదా. చాలాసేపటికి ‘కాదండీ’ అంది. ఆ మాట వాంగ్మూలంలో రాసి సంతకం పెట్టించారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, యేసు ఎవరో ఎరగనని పేతురు మూడుసార్లు అన్నాడు, నేను ఒక్కసారే అన్నాను సార్, అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఉద్యోగమూ దక్కలేదు.

అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను. బాప్తిస్మం ఎప్పుడు తీసుకోవాలన్నది మీకూ మీ దేవుడికీ మధ్య సంగతి, అందులో నేను తలదూర్చను. తీసుకుని దాచడం మాత్రం వద్దు. ఇవాళ మౌనంగా ఉంటే సరిపోతుందనిపిస్తుంది, కానీ ఏదో ఒక రోజు ఆ మౌనాన్నే సంతకం పెట్టి రాసివ్వాల్సి వస్తుంది. డీఎస్సీ అయ్యేదాకా బాప్తిస్మం ఆపుకుంటే ఇబ్బంది లేదా అని మీరు అడగవచ్చు. దాచిన బాప్తిస్మం కంటే అది నయమే, కానీ పూర్తిగా క్షేమం కాదు. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, హిందూ మతంపై నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు ఇచ్చింది.

మీ నాన్నగారిని తప్పు పట్టకండి. ఆయన దృష్టిలో ఆ కాగితం బిడ్డ చేతికి వచ్చిన ఒకే ఒక్క ఆసరా. పైగా బాప్తిస్మంతో కులం కడుక్కుపోదని ఆయనకు తెలుసు. పల్లెల్లో వేరే శ్మశానం, వేరే వాడ ఎందుకున్నాయో మీకు నేను చెప్పాలా? 1985లో మద్రాసుకు చెందిన ఒక చెప్పులు కుట్టే వ్యక్తి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవారికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు, క్రైస్తవుడైనందుకు ఆయనకు ఇవ్వలేదు. అదే ఎండలో, అదే పని చేసుకునే మనిషి. మతం మారాక కూడా అవమానం అదే తీవ్రతతో ఉందని రుజువు చేయలేదంటూ కోర్టు పిటిషన్ కొట్టివేసింది. ఆ తీర్పును నేను గౌరవిస్తాను, దానితో ఏకీభవించను. కేంద్రం నియమించిన రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపు గీతను తొలగించాలని 2007లో సిఫారసు చేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన శాసనసభ 2023లో తీర్మానించింది. అయితే తీర్మానం చూపించి డీఎస్సీకి దరఖాస్తు చేయలేం.

మీకు దొరికేది బీసీ–సి. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారు, వారి సంతానం ఈ గ్రూపులోకి వస్తారు. రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకున్న 15 శాతంతో పోలిస్తే ఎంత తక్కువో దాచిపెట్టను. దీనితోపాటు, చట్టం ప్రకారం హక్కుగా రాని కొన్ని విద్యా, ఆర్థిక రాయితీలు 1977 నాటి జీవో 341 ద్వారా మతం మారిన ఎస్సీలకూ ఉన్నాయి.

ఇంకో నష్టం కూడా తెలుసుకోండి. ఎవరైనా కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీకు వర్తించదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఒక పాస్టరు పెట్టిన కేసులో ఇదే చెప్పింది. అయితే చేతులు ఖాళీ కావు. రాజ్యాంగం 17వ అధికరణం, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనాన్ని ఎవరి మీద పాటించినా నేరమంటాయి. ఆరాధనకు అడ్డొచ్చినా, చర్చిపై దాడి చేసినా భారతీయ న్యాయ సంహితలోని 300, 298 సెక్షన్లు ఉన్నాయి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి.

కావాలంటే తర్వాత మళ్లీ హిందువుగా మారిపోవచ్చని మీకు చెప్పేవాళ్లు ఉంటారు. 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు, తిరిగి వచ్చిన వ్యక్తిని కులస్థులు తమవాడిగా అంగీకరిస్తే ఆ హోదా దొరుకుతుందని చెప్పిన మాట నిజమే. కానీ వెనక్కి వచ్చే దారి ముందే చూసిపెట్టుకుని బాప్తిస్మం నీళ్లలో దిగే మనిషి కారు మీరు, మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

మీరు నిశ్చయానికి వస్తే తహశీల్దారుకు తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయండి. బాప్తిస్మం తీసుకున్న తేదీ, పాత పత్రం నంబరు వేసి, దాన్ని స్వచ్ఛందంగా అప్పగిస్తున్నానని, బీసీ–సి పత్రం ఇప్పించమని కోరండి. సంఘం ఇచ్చిన బాప్తిస్మం పత్రం నకలు జతచేయండి. డీఎస్సీకి ఇప్పటికే ఎస్సీగా దరఖాస్తు చేసి ఉంటే, బాప్తిస్మానికి ముందే నన్ను గానీ, మీకు దగ్గరలోని న్యాయవాదిని గానీ కలవండి. పాత పత్రం అప్పగించేటప్పుడు మీ నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోవడం మాత్రం మరవకండి. రేపు ఎవరు ఫిర్యాదు పెట్టినా ముందుగా చూపించాల్సింది ఆ ముద్ర ఉన్న కాగితమే.