సమా: పాప లాఫింగ్ యోగా అంటే లేచి వెళ్ళిపోతోంది

లాఫింగ్ యోగా, అంటే జోకులేం లేకుండా కావాలనే నవ్వే వ్యాయామం, చేయిద్దామంటే మీ పాప లేచి వెళ్ళిపోతోందని రాశారు కదా. పాపకి నవ్వడం ఇష్టంలేక కాదండీ, మీరు ఎదురుగా కూర్చొని నవ్వమ్మా నవ్వమ్మా అని చూస్తా ఉంటే సిగ్గేసి లేచిపోతోంది. ఇంటర్ వయసులో ఎవరన్నా చూస్తున్నారంటేనే ఒళ్ళు బిగుసుకుపోద్ది, మావాడూ అంతే, పైగా టీవీలో వీడియో పెడితే ఇంకా చిరాకు.

అందరూ వదిలేసేది ఒకటే, నవ్వుకి ముందు ఒళ్ళు వదులు చెయ్యడం. డైరెక్ట్‌గా హహహ అంటే ఎవరికైనా దొంగనవ్వే వస్తది.

1. ఎండ తగ్గాక డాబా మీదకి, ఫోన్లు కిందే. మీది ఒంగోలే కాబట్టి ఆదివారం కొత్తపట్నం బీచ్ అయితే ఇంకా మేలు, అలల హోరులో మన నవ్వు ఎవడికీ వినపడదు.

2. 5 నిమిషాలు భుజాలు తిప్పడం, చేతులు విదిలించడం, ఊరికే నడవడం. పక్కపక్కనే, ఎదురెదురుగా కాదు.

3. ముక్కుతో గాలి పీల్చి నోటితో నిదానంగా వదలాలి, పీల్చిన దానికంటే వదిలేది ఎక్కువసేపు పట్టాలి, గుండెదడ నెమ్మదించేది ఇక్కడే, కాబట్టి ఓ పదిసార్లన్నా చెయ్యండి, తొందరగా లాగించొద్దు.

4. అప్పుడు చప్పట్లు కొడతా హో హో హహహ, ముందు మీరే. 1995లో ముంబై పార్కులో డాక్టర్ మదన్ కటారియా జోకులతోనే మొదలెట్టాడంట, జోకులు అయిపోయాకే ఈ ఉత్తనవ్వు పద్ధతి పుట్టింది. పాప నవ్వకపోయినా అడగొద్దు.

ఆ టైంలో మార్కుల మాట ఎత్తారా, ఇంక అంతే.

హెర్నియా ఉన్నా, ఈమధ్య ఆపరేషన్ అయినా గట్టినవ్వు వద్దు. రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టర్‌కి చూపించండి. చచ్చిపోతా అన్న మాట వస్తే మాత్రం ఆ రోజే, ఒంటరిగా వదలొద్దు, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైంలోనైనా ఫ్రీగా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.