భయం ఉండాల్సింది ఆ మాత్ర మీద కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 20. ఈ మూడు నెలల్లో ఎమర్జెన్సీ పిల్ నాలుగుసార్లు వేసుకున్నాను. ఈసారి పీరియడ్ రావాల్సిన తేదీ దాటి ఎనిమిది రోజులైంది. ఈ మాత్ర ఎక్కువసార్లు వేసుకుంటే గర్భసంచి పాడైపోతుందని, ఇక పిల్లలు పుట్టరని నా స్నేహితురాలు అంటోంది. ఒక క్లినిక్‌కి వెళ్తే కౌంటర్ దగ్గర అందరూ వినేలా ‘ఏంటి ప్రాబ్లమ్?’ అని అడిగారు. చెప్పలేక తిరిగొచ్చేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. మిగతాదంతా ఆ తర్వాతే. ఉదయం లేవగానే వచ్చే మూత్రంతో చేస్తే మేలు. రెండో గీత లేతగా కనిపించినా పాజిటివ్ అనే అర్థం. నెగెటివ్ వచ్చి, వారంలోగా పీరియడ్ రాకపోతే మళ్లీ చేయండి. చివరిసారి కలిసి మూడు వారాలు దాటాక వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చు. పాజిటివ్ అయితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి. ఎంత త్వరగా వెళ్తే మీ ముందు అన్ని ఎక్కువ దారులు ఉంటాయి. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

మీ స్నేహితురాలు చెప్పింది నిజం కాదు. లెవోనార్జెస్ట్రెల్ ఉండే ఈ మాత్ర అండం విడుదలను కొన్ని రోజులు వెనక్కి జరుపుతుంది, అంతే. గర్భసంచిని పాడుచేయదు, ముందుముందు పిల్లలు పుట్టకుండా చేయదు, అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేయదు కూడా. వేసుకున్న నెలలో పీరియడ్ వారం ముందో వెనకో రావడం మామూలే. నాలుగుసార్లు వేసుకున్నారు కాబట్టి తేదీలు ఇంకా అటూఇటూ అవుతాయి.

అయినా మాటిమాటికీ ఈ మాత్ర వద్దంటాను. ఎందుకంటే, దాన్ని నమ్ముకుని ఉండలేం. అండం అప్పటికే విడుదలైపోయి ఉంటే ఈ మాత్ర చేసేదేమీ లేదు. 72 గంటల్లోపు వేసుకోవాలి, అందులోనూ ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఒకసారి వేసుకున్నాం కదా అని ఆ నెలంతా ధీమాగా ఉండటానికి లేదు.

దీనికి బదులు వేరే పద్ధతులున్నాయి. రోజువారీ గర్భనిరోధక మాత్రలు మామూలుగా వాడే 100 మందిలో ఏడాదికి దాదాపు ఏడుగురికి గర్భం వస్తుంది. కండోమ్ ఒక్కటే వాడితే 13 మందికి. గర్భసంచిలో అమర్చే కాపర్-టి, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్‌లతో ఒకరికి కూడా రాదనుకోవచ్చు. పిల్లలు పుట్టనివాళ్లు కాపర్-టి వేయించుకోకూడదన్న మాట ఇప్పటికీ వింటుంటాను. వేయించుకోవచ్చు. తీసేశాక గర్భం రావడానికి అది అడ్డు కాదు.

పిల్లలు పుట్టరేమోనన్న భయం పెట్టుకోవాల్సిన చోటు వేరే ఉంది. కలయిక వల్ల సోకే క్లమీడియా అనే ఇన్ఫెక్షన్ చాలామందిలో ఏ లక్షణమూ లేకుండా ఉండిపోతుంది. వైద్యం చేయకపోతే అండాన్ని గర్భసంచికి చేర్చే ఫాలోపియన్ ట్యూబులను దెబ్బతీస్తుంది. ఎమర్జెన్సీ పిల్ దాన్ని ఆపదు, రోజువారీ మాత్రా ఆపదు. ఆపగలిగేది కండోమే. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా కండోమ్ మానొద్దు. ఒకసారి పరీక్ష కూడా చేయించుకోండి. ఉందని తేలితే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయించుకోకపోతే దాని గురించీ అడగండి, మీ వయసులో వేయించుకోవచ్చు.

ఇక కౌంటర్ సంగతి. అలా అడగడం వాళ్ల తప్పు. ‘డాక్టర్‌తోనే మాట్లాడాలి’ అనండి, చాలు. లోపలికెళ్లాక నోరు పెగలకపోతే రాసిచ్చినా ఫర్వాలేదు. ఒక అమ్మాయి నా గదిలో కూర్చుని బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ, చివరికి ఖాళీ మాత్రల స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టింది. ఒక్క మాటా మాట్లాడలేదు. అక్కడి నుంచి అడగాల్సింది నేను. బీపీ చూస్తాం. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా, రక్తం గడ్డకట్టిన సమస్య ఎప్పుడైనా వచ్చిందా, సిగరెట్ అలవాటు ఉందా, టీబీకి గానీ ఫిట్స్‌కి గానీ మందులు వాడుతున్నారా అని అడుగుతాం. రోజువారీ మాత్రలు రాయడానికి లోపలి పరీక్ష అక్కర్లేదు.

మీరు అడగని మాట ఒకటి. నాలుగుసార్లూ మాత్ర మింగింది మీరు, నిద్ర పోగొట్టుకున్నదీ మీరే. కండోమ్ వద్దంటున్నది అతనా? మీకు ఇష్టం లేకుండా ఏదైనా జరుగుతోందా? అలాంటిదేమైనా ఉంటే డాక్టర్‌కు అదీ చెప్పండి. అది చిన్న విషయం కాదు.

ప్రశ్న: మా చెల్లికి 17 ఏళ్లు. పీరియడ్ నొప్పికి డాక్టర్ గర్భనిరోధక మాత్రలు రాశారు. అమ్మ వద్దంటోంది. వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు. ఈ మాత్రలతో గర్భసంచి లోపలి పొర పలచగా తయారవుతుంది, అందువల్ల నొప్పి, రక్తస్రావం రెండూ తగ్గుతాయి. ఇక్కడ ఇది నొప్పికి మందు, అమ్మగారికి అలాగే చెప్పండి. మానేశాక పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉండదు. మొదటి మూడు నెలలు మధ్యమధ్య కాస్త రక్తపు మచ్చలు కనిపించినా కంగారు పడొద్దు. ఒక కాలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు నాలుగు నెలలు వాడినా నొప్పి తగ్గకపోతే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉందేమో చూడమని డాక్టర్‌ను అడగండి.