రొయ్యల ప్లాంటు నీళ్ల గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బోడికి పెదనాన్న దీవెనలు.

రొయ్యల ప్లాంటులో మురుగునీటి శుద్ధి చూసుకునే పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ల్యాబులో వేస్తారనుకుంటే కంపు కొట్టే ట్యాంకుల దగ్గర వేశారని దిగులు పడుతున్నావట. పద్దెనిమిదేళ్లు ఆ ట్యాంకుల దగ్గరే పనిచేశాను కాబట్టి రాస్తున్నా.

ఇందుకూరుపేటలో చెరువు గట్ల మీద పెరిగినోడివి. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలి గట్టువారకు రావడం నీకు తెలుసు. మురుగునీళ్లలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు కూడా అలాంటి చెరువే నాయనా. అందులో నువ్వు సాకేది కంటికి కనపడని సూక్ష్మజీవుల్ని. రొయ్యల తలల్లోంచి కారిన రసాన్నీ కొవ్వునీ తిని నీళ్లు తేటచేసేది అవే. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కు తగ్గనివ్వకు. కరెంటు బిల్లు చూసి రాత్రిళ్లు గాలి ఊదే బ్లోయర్లు ఆపమంటారు. ఒప్పుకోవద్దు.

తలలూ పొట్టూ జల్లెడ దగ్గరే ఆగిపోవాలి. దాటి వెళ్లిన పొట్టు ట్యాంకులో కుళ్లి నీకు బీఓడీ అయి కూర్చుంటుంది. బీఓడీ అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. ఆపిన పొట్టును, అందులో ఉండే కైటిన్ అనే పదార్థం తీసేవాళ్లు కొనుక్కుపోతారు.

అన్నిటికన్నా నువ్వు కనిపెట్టి ఉండాల్సింది క్లోరిన్‌ని. ఒకసారి నైట్ షిఫ్టువాళ్లు నేలలు కడిగి, డ్రమ్ములో మిగిలిన క్లోరిన్ నీళ్లన్నీ తూములో ఒంపేశారు. నాకెవరూ చెప్పలేదు. పొద్దున పోయి చూస్తే ట్యాంకు మీద తెల్ల నురగ, చాక్లెట్ రంగులో ఉండాల్సిన బురద బూడిదరంగు. ఆ బురదంటే సూక్ష్మజీవుల ముద్దే. నా చెరువు చచ్చిపోయింది. పక్క ఊరి ప్లాంటు నుంచి ట్యాంకరుతో బురద తెచ్చి పోసుకుని, మళ్లీ నిలబెట్టేసరికి మూడు వారాలు పట్టింది. అందుకే నేల కడిగే ఆడవాళ్లతో, షిఫ్టు సూపర్‌వైజర్లతో మంచిగా ఉండు. ఏ రోజు ఎంత క్లోరిన్ వాడారో వాళ్లే నీ దగ్గరికొచ్చి చెప్పాలి. ఏ మీటరూ చేయలేని సాయం అది.

నల్లమచ్చ రాకుండా రొయ్యల్ని ముంచే మెటాబైసల్ఫైట్ కూడా అంతే. ఆ తొట్టి ఒక్కసారిగా ఒంపితే నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా అదే తాగేస్తుంది. ఏదొచ్చినా ముందు నీళ్లన్నీ కలిపి నిలవుంచే ఈక్వలైజేషన్ ట్యాంకులో చేర్చి, కలియబెట్టి, రోజంతా కొంచెం కొంచెంగా వదులు. సరుకు రాక ప్లాంటు ఆగిన రోజుల్లో ట్యాంకుకు కాస్త బెల్లం నీళ్లు పొయ్యి. ఆకలికి సూక్ష్మజీవులూ చస్తాయి.

రోజూ పొద్దున్నే ఒక లీటరు గాజు సిలిండరులో ట్యాంకు నీళ్లు పట్టి 30 నిమిషాలు కదపకుండా ఉంచు. బురద అడుక్కి దిగి, పైన తేటనీళ్లు నిలిచి, మట్టి వాసన వస్తే ఆ పూటకి ధైర్యంగా ఉండొచ్చు. దిగకుండా ఉబ్బి నిలబడితే ఆ రోజు మరో పని పెట్టుకోకు.

1986 పర్యావరణ చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం కాలవలోకి వదిలే నీళ్లలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు, పొలాలకైతే 100. బయటికి వదలడం కన్నా మళ్లీ వాడుకోవడమే మేలు. ఇసుక, కార్బన్ ఫిల్టర్లు దాటించి మరుగుదొడ్లకూ లారీలు కడగడానికీ మళ్లించు. మొక్కలకు పెట్టేముందు ఉప్పు పరీక్ష చేయించు. సూక్ష్మజీవులు అన్నీ తింటాయి గానీ ఉప్పు జోలికి పోవు. కొబ్బరి తట్టుకుంటుంది, మల్లె తట్టుకోదు. రొయ్యల్ని తాకే ఏ పనికీ, ఎంత తేటగా ఉన్నా సరే, ఈ నీళ్లు వాడనివ్వకు.

1995లో తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చి మన రెండు చెరువులూ వారంలో తుడిచిపెట్టుకుపోయాయి. నువ్వింకా పుట్టలేదు. ఆ వైరస్ ఉన్న రొయ్యల్ని కడిగిన నీళ్లు శుద్ధి లేకుండా కాలవలో కలిస్తే, అదే కాలవ నీళ్లు కింద మోటార్లు పెట్టి చెరువుల్లోకి తోడుకుంటారు మన వాళ్లు. అందుకే ట్యాంకులోకి రానివ్వొద్దన్న క్లోరిన్‌నే చివరి తొట్టిలో మాత్రం తప్పకుండా పట్టించు. మిగిలిన క్లోరిన్ పోయేదాకా నిలవుంచి, పరీక్షించి, ఆ తర్వాతే గేటు తియ్యి.

చేరగానే గాజు సిలిండరు ఒకటి అడుగు. ఇవ్వకపోతే నాది అటక మీదే ఉంది, బస్సులో పంపిస్తా.

మీ పెదనాన్న