ఏ కౌంటర్ దగ్గర అడిగారు?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం మంగళవారం అందింది. మొదటిసారి గబగబా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "బాబాయ్ గారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి అలాగే చెబుతున్నా.

కష్టపడ్డావు, అది ప్రతి పేజీలో కనిపిస్తోంది. యూదుల్లో ఆర్థడాక్స్ (పాత కట్టుబాట్లు తప్పనివాళ్లు), కన్సర్వేటివ్ (మధ్యేమార్గం వాళ్లు), రిఫార్మ్ (కాలంతో పాటు మార్చుకునేవాళ్లు) శాఖల తేడాని రెండు పేరాల్లో చెప్పడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. నువ్వు చెప్పగలిగావు. నా పేచీ అంతా నీ శీర్షికతోనే. "అసలు యూదులెవరు?" అని పెట్టావు. పెట్టి ఊరుకోకుండా చివరి పేజీలో తీర్పు కూడా ఇచ్చేశావు. ఇజ్రాయెల్‌లో కోర్టులు, రబ్బీలు (వాళ్ల మత పండితులు), పార్లమెంటు డెబ్బై ఏళ్లకు పైగా తన్నుకులాడుతున్న వ్యవహారాన్ని నువ్వు విజయవాడలో కూర్చుని పన్నెండు పేజీల్లో తేల్చేశావు!

నవ్వుతున్నాననుకోకు. ఇదే తప్పు నేనూ చేశాను. ఎలా చేశానో చెబుతా.

డెబ్బైల్లో నేను బొంబాయిలో ఉద్యోగం చేసేవాణ్ణి. మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. కొంకణ్ తీరం మనిషి, ఇంట్లో మరాఠీ. బెనె ఇజ్రాయెల్ (కొంకణ్ యూదులు) అంటే ఏమిటో నాకు ఆయన్ను చూశాకే తెలిసింది. ఒకసారి ఇంటికి పిలిచి మలీదా పెట్టాడు. తడిపిన అటుకుల్లో చక్కెర, కొబ్బరి కోరు కలిపి, పైన పళ్ల ముక్కలు పెట్టి, ఏలీయా ప్రవక్త పేరు మీద ప్రార్థన చేసి పంచుతారు. అచ్చం మన ఇంట్లో ప్రసాదం తిన్నట్టే ఉంది. వాళ్ల తాతలది గానుగ వృత్తి. శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి ఊళ్లో వాళ్లను "శనివార్ తేలీ" అనేవాళ్లట. అంటే శనివారపు గాండ్లవాళ్లు.

ఆయన అక్క యాభైల్లోనే ఇజ్రాయెల్ వెళ్లిపోయింది. అరవైల మొదట్లో ఆమె రాసిన నీలం రంగు ఏరోగ్రామ్ ఒకటి ఆయన బీరువాలో దాచుకున్నాడు. నాకు మరాఠీ సరిగ్గా రాదు, ఆయనే చదివి వినిపించాడు. కూతురికి సంబంధం కుదిరింది, పెళ్లి నమోదుకి రబ్బీ ఆఫీసుకి వెళ్తే అమ్మమ్మ వివరాలు, ఆమె తల్లి వివరాలు అడిగారు, రాసి పంపమని. పెళ్లి పిలుపు కోసం ఎదురుచూస్తున్న మేనమామకి వచ్చిన ఉత్తరం అది.

అది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 1962లో సెఫార్దీ (స్పెయిన్, తూర్పు దేశాల మూలాలున్న యూదుల) ప్రధాన రబ్బీ ఇట్జాక్ నిస్సిమ్ ఆధ్వర్యంలో కొన్ని మార్గదర్శకాలు వచ్చాయి. బెనె ఇజ్రాయెల్ వాళ్లకు బయటివాళ్లతో పెళ్లి చేసే ముందు తల్లి, అమ్మమ్మ, ఆ పైతరాలు, ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి విచారించాలని. వాళ్లు యూదులు కారని నేరుగా అనలేదు. శతాబ్దాల పాటు కొంకణ్‌లో పెద్ద పండితుల అందుబాటు లేకుండా బతికారు, వాళ్ల పెళ్లిళ్లూ విడాకులూ శాస్త్రప్రకారం జరిగాయో లేదో అన్నది అనుమానం. వాళ్లు వీధికెక్కారు. 1964 వేసవిలో జెరూసలేంలో ధర్నాకి కూర్చున్నారు. ఆగస్టులో ప్రధాని లెవీ ఎష్కోల్ ప్రభుత్వం, క్నెసెట్ (అక్కడి పార్లమెంటు) కలిసి, బెనె ఇజ్రాయెల్ వాళ్లు అన్ని విధాలా యూదులేనని ప్రకటించాక రబ్బీలు ఒక మెట్టు దిగారు. ఏం చేశారనుకున్నావు? మార్గదర్శకాల్లోంచి "బెనె ఇజ్రాయెల్" అనే పేరు తీసేసి, ఎవరి విషయంలో అనుమానం ఉంటే వాళ్లను విచారించాలని మార్చారు. పేరు పోయింది. విచారణ పోలేదు.

ఇదంతా విని నేనొక వ్యాసం రాశాను. ఒక వారపత్రికలో వచ్చింది. అందులో, "1964లో వీరిని నిజమైన యూదులుగా గుర్తించారు" అన్న వాక్యం ఉంది. మంచి వాక్యం రాశాననే అనుకున్నా. లంచ్ టైములో పెద్దాయనకి హిందీలో చెప్పి వినిపించాను. ఆయన డబ్బా మూత పెట్టేసి, "గుర్తించడానికి ముందు రోజు మేమెవరం?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు అన్నం దిగలేదు.

ఇప్పుడు నీ వ్యాసం తియ్యి. "గుర్తించారు", "తిరస్కరించారు", "ఆమోదించారు" ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టు. నేను పంతొమ్మిది దగ్గర ఆపేశాను. మన భాషలో కర్త లేకుండా వాక్యం హాయిగా నడిచిపోతుంది, దాంతోనే వస్తుంది చిక్కు. గుర్తించారు. ఎవరు? హోం శాఖ గుమస్తానా, సుప్రీంకోర్టా, ప్రధాన రబ్బీ కార్యాలయమా, న్యూయార్క్‌లో రిఫార్మ్ రబ్బీల సంఘమా? దేని కోసం? పౌరసత్వానికా, పెళ్లికా, శ్మశానంలో ఆరడుగుల చోటుకా? ప్రతి కౌంటర్ దగ్గరా జవాబు వేరు. ఒకే మనిషి పొద్దున ఒక ఆఫీసులో యూదుడు, మధ్యాహ్నం ఇంకో ఆఫీసులో కాదు.

ఇది నేను చమత్కారానికి అనడం లేదు. 1950 నాటి 'తిరిగి వచ్చే హక్కు' చట్టాన్ని 1970లో సవరించినప్పుడు రెండు పనులు ఒకేసారి చేశారు. యూదుడంటే యూదు తల్లికి పుట్టినవాడు లేదా మతం పుచ్చుకున్నవాడు, వేరే మతంలో లేనివాడు అని రాసుకున్నారు. అదే సవరణలో యూదుడి పిల్లలకీ, మనవలకీ కూడా వలస వచ్చే హక్కు ఇచ్చారు. సోవియట్ యూనియన్ కూలాక వచ్చిన లక్షల మందిలో తాత మాత్రమే యూదుడైనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఓటేస్తారు, సైన్యంలో చేరతారు. ఆ దేశంలో యూదులతో పెళ్లి మాత్రం చేసుకోలేరు. అక్కడ సివిల్ మ్యారేజ్ లేదు, 1953 చట్టం ప్రకారం యూదుల పెళ్లిళ్లూ విడాకులూ రబ్బీల కోర్టుల చేతిలో ఉన్నాయి. అందుకే చాలామంది విమానమెక్కి సైప్రస్ వెళ్లి పెళ్లి చేసుకుని వస్తారు. ఆ కాగితాన్ని హోం శాఖ నమోదు చేసుకుంటుంది.

2021 మార్చి 1న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు గురించి "రిఫార్మ్ మతమార్పిళ్లకు పూర్తి ఆమోదం" అని రాశావు. పూర్తి కాదమ్మా. ఇజ్రాయెల్ లోపల రిఫార్మ్, కన్సర్వేటివ్ రబ్బీలు చేసిన మతమార్పిడి పౌరసత్వం వరకు చెల్లుతుందని తీర్పు. 2005లో వేసిన పిటిషన్ మీద అన్నేళ్లకి వచ్చింది. రబ్బీ ఆఫీసు కౌంటర్ దగ్గర మాత్రం ఆ మర్నాడు కూడా పాత జవాబే.

ఇంకో సంగతి. గొడవంతా ఆర్థడాక్స్‌కీ, మిగతావాళ్లకీ మధ్యే అన్నట్టు రాశావు. 1983లో అమెరికా రిఫార్మ్ రబ్బీలు తండ్రి వైపు నుంచీ యూదత్వం వస్తుందన్నారు, ఆర్థడాక్స్ వాళ్లు ఒప్పుకోలేదు, నిజమే. యూదుల పుణ్యస్థలం జెరూసలేం పడమటి గోడ దగ్గర స్త్రీల ప్రార్థన గొడవ కూడా అలాంటిదే. కానీ చేదైన తగువులు ఇంటి లోపలే ఉంటాయి. ఇజ్రాయెల్‌లోని అష్దోద్ ఊరి కేసు నీ వ్యాసంలో ఫుట్‌నోట్‌లో పడి ఉంది. దాన్ని మొదటి పేజీకి తీసుకురా.

డెన్మార్క్‌లో పుట్టిన ఒకావిడ, ఈ కేసుకి పదిహేనేళ్ల ముందు, ఇజ్రాయెల్‌లో ఆర్థడాక్స్ పద్ధతిలోనే మతం పుచ్చుకుంది. పెళ్లి చేసుకుంది, పిల్లలు పుట్టారు. సంసారం చెడి, అష్దోద్ రబ్బీల కోర్టుకి విడాకుల కోసం భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. గొడవేమీ లేదు, కావలసింది 'గెట్' అనే విడాకుల పత్రం ఒక్కటే. న్యాయమూర్తి ఆమెను సబ్బాతు (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి దాకా విశ్రాంతి దినం) ఎలా పాటిస్తున్నావని అడిగాడు. జవాబు నచ్చలేదు. నీ మతమార్పిడే చెల్లదు, నువ్వు యూదురాలివి కావు, కనుక పెళ్లే జరగలేదు, జరగని పెళ్లికి విడాకులేమిటి అన్నాడు. పిల్లలూ యూదులు కాకుండా పోయారు. అప్పీలుకి వెళ్తే 2008లో రబ్బీల హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, రబ్బీ హయీమ్ డ్రుక్మన్ నడిపిన మతమార్పిడి కోర్టు చేసిన వేల మార్పిళ్లనే అనుమానంలో పెట్టింది. డ్రుక్మన్ రిఫార్మ్ మనిషి కాదు, ప్రభుత్వమే నియమించిన పేరున్న ఆర్థడాక్స్ రబ్బీ. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మధ్యలో నాలుగేళ్లు ఆ వేలమంది ఇళ్లలో ఎంత టెన్షన్ నడిచి ఉంటుందో చూడు. నీ కథ అక్కడుంది. పిల్లల పెళ్లి ఈడు వచ్చినవాళ్లు కొందరైనా ఉంటారు కదా.

యూదులకు పోప్ లేడు. ఒక రబ్బీని రబ్బీగా నిలబెట్టేది ఆయన చదువు, ఆయన మాట వినే జనం. ప్రధాన రబ్బీ కార్యాలయం 1921లో, బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో, అష్కెనాజీలకి (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులకి) అబ్రహాం ఐజాక్ కూక్, సెఫార్దీలకి యాకోబ్ మెయిర్ అని ఇద్దరితో మొదలైంది. తోరా (మోషే ధర్మశాస్త్రం) సీనాయి కొండ మీంచి వచ్చింది గానీ ఈ ఆఫీసు మాత్రం దొరల ఫైళ్లలోంచి వచ్చింది. (ఈ మాట నీ వ్యాసంలో వాడకు, ఉత్తరంలో చెల్లుతుంది.)

రబ్బీల చర్చల పురాతన గ్రంథం తాల్ముద్‌లోని అఖ్నాయ్ పొయ్యి కథ నువ్వూ ఎత్తుకున్నావు, సంతోషం. కానీ సగం దగ్గర వదిలేశావు. ముక్కలుగా కోసి మధ్యన ఇసుక పోసిన మట్టి పొయ్యికి మైల అంటుతుందా లేదా అన్నది తగువు. అంటదని రబ్బీ ఎలియేజర్ ఒక్కడూ ఒక పక్క. ఆయన మాటకి సాక్ష్యంగా చెట్టు నూరు మూరలు జరిగింది, కాలువ వెనక్కి పారింది, ఆకాశవాణి కూడా ఆయనదే రైటంది. రబ్బీ యెహోషువా లేచి, తోరా ఆకాశంలో లేదన్నాడు. అంటే ఇక్కడ మెజారిటీదే మాట. దేవుడు నవ్వి, "నా కొడుకులు నన్ను ఓడించారు" అన్నాడట. నువ్వు అక్కడ ఆపి చప్పట్లు కొట్టావు. అందరూ అక్కడే ఆపుతారు.

తర్వాత ఏమైందో చదువు. ఎలియేజర్ శుద్ధమన్న వస్తువులన్నీ తెచ్చి తగలబెట్టారు. ఆయన్ను వెలివేయాలని తీర్మానించారు. ఆ కబురు చెప్పడానికి శిష్యుడు అకివా నల్లబట్టలు కట్టుకుని వెళ్లి, గురువుకి నాలుగు మూరల దూరంలో కూర్చున్నాడు. ఇవాళేమిటి విశేషం అని గురువు అడిగితే, "గురువుగారూ, మీ స్నేహితులు మీకు దూరంగా ఉంటున్నట్టు నాకనిపిస్తోంది" అన్నాడు. ఎలియేజర్ బట్టలు చింపుకుని, చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ కన్నీళ్లకి లోకంలో ఆలివ్‌లు, గోధుమలు, బార్లీ మూడో వంతు దెబ్బతిన్నాయని ఆ పుస్తకమే చెబుతుంది. గెలిచినవాళ్లే రాసుకున్న గ్రంథంలో ఓడినవాడి కన్నీళ్లు ఇలా ఉన్నాయి. నాలుగు మూరలు, నల్లబట్టలు: నువ్వు అలాంటి వివరం ఒక్కటి పట్టుకో చాలు.

మాటల దగ్గర కొంచెం జాగ్రత్త. రబ్బీని కొన్నిచోట్ల "యాజకుడు" అన్నావు, ఒకచోట "పూజారి" అన్నావు. రెండూ కావు. యాజకత్వం పాత జెరూసలేం గుడితోనే పోయింది. రబ్బీ అంటే ధర్మశాస్త్రం చదువుకున్న పండితుడు. ఇంకొకటి, "ఈ పరిసయ్యుల మనస్తత్వం" అని రాశావు. మన చెవులకి ఆ మాట తెలుగు బైబిల్లోంచి, ఆదివారం ప్రసంగాల్లోంచి వేషధారి అన్న అర్థంతో వచ్చింది. రబ్బీలు తమ పరంపరను ఆ పరిసయ్యుల దగ్గర్నుంచే చెప్పుకుంటారు. వాళ్ల తగువు రాస్తూ వాళ్ల తాతల్ని తిట్టుగా వాడితే ఎలా?

ఇక కొత్తరెడ్డిపాలెం. చేబ్రోలు పక్కన మన తెలుగువాళ్లే బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని పదుల కుటుంబాలు. మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు, అంతకుముందు బాప్టిస్టులు. తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో తప్పిపోయిన ఎఫ్రాయిమ్ గోత్రం వాళ్లమంటారు, ప్రధాన రబ్బీ కార్యాలయం ఒప్పుకోలేదు. మణిపూర్, మిజోరం వైపు బెనె మెనాషేని 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇజ్రాయెల్ సంతతిగా ఒప్పుకున్నాడు, అయినా మతమార్పిడి తంతు మాత్రం తప్పలేదు. నువ్వు వీళ్ల మీద చివర్లో "ఆధారాలు బలహీనం" అని ఒక్క ముక్కలో కొట్టేశావు. నువ్వు ఏ కౌంటర్ వెనక కూర్చుని అన్నావు ఆ మాట? చర్చిలో ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసు సర్టిఫికెట్‌లో ఇంకో కులం రాసుకుని బతకడం గుంటూరు జిల్లా దళిత క్రైస్తవులకి క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటి నుంచీ అలవాటే. కాగితానికీ మనిషికీ మధ్య ఎంత దూరముంటుందో వాళ్లకి జెరూసలేం చెప్పక్కర్లేదు. ఈ పోలిక ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యి, లాగితే తెగుతుంది.

ఒకసారి వెళ్లిరా. ముందుగా కబురుపెట్టి, వాళ్లు రమ్మంటేనే. గుంటూరులో పొన్నూరు బస్సెక్కితే చేబ్రోలులో దిగొచ్చు. శుక్రవారం పొద్దుగూకే లోపల చేరుకో. ఆచారం పాటించే యూదులు సబ్బాతునాడు రాయరు, రెండక్షరాలు రాసినా పని కిందే లెక్క. నోట్‌బుక్ సంచిలోంచి తియ్యకు, ఫోన్‌లో రికార్డింగూ పెట్టకు. ఎవరేమన్నారో, పిల్లలు ఏ మాట దగ్గర నవ్వారో మనసులో పెట్టుకో. శనివారం చీకటి పడి మూడు చుక్కలు కనిపించాక రాసుకోవచ్చు. చివరి బస్సు ఎన్నింటికో మాత్రం ముందే కనుక్కో.

ఉంటాను,
మీ బాబాయ్